“బావ” అన్న మాట విన్న, కానీ వినలే: ఒక పెద్దపేగు క్యాన్సర్ కేసు

మా దగ్గర పీజీ చేస్తున్న పిల్లలు ఈ కేసు రాయమని చాన రోజుల సంది అడుగుతున్నరు, ఇప్పటికి కుదిరింది. పేషెంట్, ఆయన భార్య ఇద్దరినీ అడిగి ఒప్పుకున్నంకనే రాస్తున్న. ఊరు, వయసులు, పని ఇట్లాంటియి కొన్ని మార్చిన, వైద్యం సంగతులు మాత్రం ఉన్నయి ఉన్నట్టే. ఆపరేషన్ బాగనే అయింది, దాని గురించి గొప్పగ చెప్పడానికి ఏం లేదు. ఆపరేషన్ కంటె ముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న నేను సరిగ్గ అడగలే, అసలు కథ ఆడనే ఉన్నది.

ముందు సంగతి

మనిషికి 36 ఏండ్లు, డ్రైవర్ పని, హన్మకొండ నుంచి గంటసేపు ప్రయాణం ఉండే ఊరు. ఇద్దరు పిల్లలు. ఎనిమిది నెలల సంది నీరసం, మెట్లెక్కితే ఆయాసం, పత్తి సీజన్ల లోడు ఎత్తబోతే కండ్లు తిరుగుడు. ఊర్ల ఆర్ఎంపీ చూసి రక్తం తక్కువున్నదని నులిపురుగుల గోలీ ఇచ్చి సెలైన్లు, ఐరన్ ఇంజెక్షన్లు పెట్టిండు, కొంచెం లేసినట్టయింది, మళ్ళ పడిపోయిండు. టౌన్ల చూపిస్తే హిమోగ్లోబిన్ 6.2, రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించిన్రు, పై ఎండోస్కోపీ చేస్తే గ్యాస్ట్రైటిస్ అన్నరు. తర్వాత కొలనోస్కోపీ గూడ చేసిన్రు, అంటే చెయ్యాల్సిందే చేసిన్రు, తప్పు పట్టేది లేదు. కానీ కడుపు సరిగ్గ ఖాళీ కాలేదు, గొట్టం ఎడమ పక్క పై మలుపు దాకనే పోయింది. రిపోర్టుల మొదటి లైను “ఇంటర్నల్ పైల్స్”, ఆఖరి లైను “చూసినంత వరకు నార్మల్”. అందరు మొదటి లైనే చదివిన్రు. ఇంక మూడు నెలలు పైల్స్ మందులే.

ఈడ ఒక్క మాట. ఆడోళ్ళల్ల ఐరన్ తక్కువుంటే నెలసరి అని సర్ది చెప్పుకుంటం, అది గూడ ఎప్పుడూ కరెక్ట్ కాదు. మగ మనిషికి, అదీ మంచిగ తిని కష్టం చేసేటోనికి ఐరన్ తక్కువైతే రక్తం పేగులనుంచే పోతున్నదని అనుకోవాలె, కాదని తేలేదాక. కుడి పక్క పేగు వెడల్పుంటది, లోపల మలం పల్చగ ఉంటది, గడ్డ పెద్దగైనా అడ్డం పడదు, రక్తం గూడ ఎర్రగ కనపడదు. అందుకే కుడి పక్క గడ్డలు మన దగ్గరికి రక్తహీనత రూపంల వస్తయి. సగం దాక చేసిన కొలనోస్కోపీ ఏమీ చెయ్యకుండ వదిలేసినదాని కంటె ప్రమాదం, ఎందుకంటే “చూసినం, ఏం లేదు” అన్న ధీమా ఇస్తది.

మా దగ్గరికి వచ్చినంక

కడుపు ఖాళీ చేసే నీళ్ళ మందు సగం రాత్రి, సగం పొద్దుగాల ఇచ్చి మళ్ళ చేపిచ్చినం. ఈసారి గొట్టం మూలదాక పోయింది, కుడి పక్క ఎక్కే పేగుల పెద్ద గడ్డ, ముట్టుకుంటే రక్తం. బయాప్సీల అడినోకార్సినోమా అనే క్యాన్సర్, తక్కువ డిఫరెన్షియేషన్ (కణాలు మామూలు రూపం పోగొట్టుకున్నయి), అక్కడక్కడ జిగురు, మధ్యల లింఫోసైట్లు (రోగంతోని కొట్లాడే తెల్లకణాలు) గుంపులు గుంపులుగ. పేథాలజిస్టు కింద ఒక లైను రాసిండు, డీఎన్ఏ తప్పులు దిద్దే ఎంఎంఆర్ ప్రొటీన్ల పరీక్ష చేస్తే మంచిదని. సీటీల లివరు, ఊపిరితిత్తులు క్లీన్. గడ్డ 7 సెంటీమీటర్లు, పక్కన లింఫ్ గ్రంథులు ఐదారు, అన్నిట్ల పెద్దది 1.8 సెంటీమీటర్లు. రేడియాలజీ వాళ్ళు టీ3, ఎన్2 అన్నరు (టీ అంటే గడ్డ లోతు, ఎన్ అంటే గ్రంథులకు పాకుడు), అంటే స్టేజ్ 3. రక్తంల చూసే క్యాన్సర్ మార్కర్ సీఈఏ 2.1, నార్మల్.

చిన్న వయసు, కుడి పక్క, జిగురు, లింఫోసైట్లు, సీఈఏ మామూలుగ ఉండుడు, ఇవన్నీ ఒక్క కాయితం మీద ఉన్నయి. పరీక్షల ఈ ప్రశ్న వస్తే మా పిల్లలు కండ్లు మూసుకోని “లించ్ సిండ్రోమ్ సార్” అంటరు, అంటే ఎంఎంఆర్ జీన్ల మార్పు వంశంల వచ్చి, పేగు, గర్భసంచి క్యాన్సర్లు చిన్న వయసులనే వచ్చే రోగం. నేను ఏం చేసిన? ఓపీల అడిగిన, “మీ ఇంట్ల ఎవరికన్న క్యాన్సర్ వచ్చిందా?” ఆయన “లేదు సార్” అన్నడు. ఫ్యామిలీ హిస్టరీ కాలమ్‌ల “లేదు” అని రాసి ముందుకు పోయిన. పక్కన కూసున్న భార్య “బావకు చిన్నప్పటి సంది ఏ రోగం లేదు సార్” అన్నది. ఆ బావ అన్న మాట చెవుల పడ్డది. మన దిక్కు భర్తను బావ అనుడు మామూలే కదా, ఉత్తగ పిలుపనుకోని వదిలేసిన.

మొదటి నిర్ణయం, మొదటి తప్పు

ఎంఎంఆర్ అంటే మన కణాలల్ల డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే అచ్చుతప్పులు దిద్దే ప్రొటీన్లు. ఎంఎల్ఎచ్1, పీఎంఎస్2 ఒక జత, ఎంఎస్ఎచ్2, ఎంఎస్ఎచ్6 ఇంకో జత. బయాప్సీ ముక్క మీద రంగేసి చూస్తే ఏది లేదో కనపడ్తది. మాకు ఈ పరీక్ష హైదరాబాద్ పోవాలె, పది రోజులు పట్టేది. ఆయనకు రక్తం కారుతనే ఉన్నది, మూడు బాటిళ్ళు ఎక్కిస్తే గాని 9 దాటలే. ఎట్లగూ ఆపరేషన్ చేసేదే కదా, ముక్క బయటికి వచ్చినంక దాని మీదనే చేపిద్దాం అనుకున్న. మా ట్యూమర్ బోర్డుల (డాక్టర్లందరం కూసోని క్యాన్సర్ కేసులు మాట్లాడుకునే మీటింగ్) ఒక జూనియర్ “ముందే తెలిస్తే ప్లాన్ మారదా సార్?” అని అడిగింది. మారదులే అన్న.

మారేది. రెండు రకాలుగ మారేది. ఒకటి, ఎంత పేగు తియ్యాలె అన్నది. లించ్ ఉన్నోళ్ళకు ఉత్త కుడి పక్కే తీస్తే మిగిలిన పేగుల ఇంకో క్యాన్సర్ రావొచ్చు. 2011ల వచ్చిన ఒక పెద్ద ఫాలోఅప్ లెక్కల ఇట్ల సగమే తీసినోళ్ళల్ల రెండో క్యాన్సర్ 10 ఏండ్లకు 16 శాతం, 20 ఏండ్లకు 41 శాతం, 30 ఏండ్లకు 62 శాతం. 36 ఏండ్ల మనిషికి 30 ఏండ్ల లెక్క ఊరికే చదివి పక్కన పెట్టేది కాదు. అందుకే చిన్న వయసోళ్ళకు పేగు మొత్తం తీసి చిన్నపేగును కింద మలద్వారం పైనుండే రెక్టమ్‌కు కలిపే ఆపరేషన్ గురించి ముందే కూసోని మాట్లాడాలె.

రెండోది ఇమ్యునోథెరపీ, అంటే మన ఇమ్యూన్ సిస్టమ్‌నే క్యాన్సర్ మీదికి లేపే మందులు. ఎంఎంఆర్ లేని గడ్డల అచ్చుతప్పులు వేలల్ల ఉంటయి, అందుకే శరీరం దాన్ని పరాయిదిగ గుర్తుపడ్తది, లింఫోసైట్లు గుంపుగ వచ్చేది అందుకే. నీష్-2 అనే డచ్ ట్రయల్‌ల ఇట్లాంటి పెద్ద గడ్డలున్న 111 మందికి ఆపరేషన్ కంటె ముందు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కొద్ది డోసులు ఇస్తే 68 శాతం మందికి తీసిన పేగుల క్యాన్సర్ కణమే దొరకలే, 2024ల వచ్చింది ఆ పేపరు. వరంగల్‌ల ఇది రాసుడు సులువు, ఇచ్చుడు కష్టం, పైసలు లక్షలల్ల. ఈ మనిషికి అది అయ్యేది కాకపోవచ్చు, కానీ ఆ మాట ఆయనకు చెప్పే అవకాశమే నేను పోగొట్టిన.

ఆపరేషన్

కుడి పక్క పేగు, దాని కొవ్వుపొర మొత్తం చిరగకుండ, రక్తనాళాలు మొదలుకాడనే కట్టి తీసినం. చిన్నపేగు మొదటి భాగం డ్యుయోడినమ్‌కు అంటుకోలేదు, సీటీల డౌటుండె. నాలుగో రోజు గ్యాస్ పోయింది, జావ మొదలుపెట్టినం. ఆరోగ్యశ్రీల అయింది కాబట్టి ఆపరేషన్ ఖర్చు వాళ్ళ మీద పడలే.

ఐదో రోజు రౌండ్స్‌కు పోతే బెడ్ పక్కన 80 దగ్గరవడ్డ ముసలమ్మ. రాత్రి ఊరినుంచి వచ్చిందట. నన్ను చూసి కొంగు కండ్లకు అద్దుకుంట, “కొడుకా, నా పెద్దకొడుకు గూడ గిట్లనే రక్తం సాల్తలేదు, రక్తం సాల్తలేదు అనుకుంటనే పోయిండు. నా బిడ్డకేమొ గర్భసంచిల గడ్డ లేసె, కరెంటు పెట్టిన్రు, అయినా దక్కలే. ఇగ ఈడన్న దక్కుతడా?” అన్నది. నేను పేషెంట్ దిక్కు తిరిగి, “మొన్న అడిగితే ఎవరికీ లేదంటివి కదా?” అంటే, “గది గర్భసంచి గడ్డ కదా సార్, క్యాన్సర్ అని ఎవరు చెప్పలే” అన్నడు. తల్లికి రేడియేషన్ అయింది, ఐదేండ్ల కింద 51 ఏండ్లకు పోయింది. మేనమామ 49కి కడుపుల గడ్డ, ఆఖరికి కామెర్లు. ఇంట్ల ఎవ్వరు క్యాన్సర్ అనలే. ఆయన అబద్ధం చెప్పలే, నేను అడిగిన మాటకు ఆయన దగ్గర జవాబు లేదు, అంతే.

అప్పుడే ఇంకోటి అర్థమైంది. ముసలమ్మ ఆయనకు అమ్మమ్మ. పక్కన కూసున్న భార్యను చూపిచ్చి “ఈ పిల్లకు నేను నాయనమ్మను” అన్నది. చచ్చిపోయిన పెద్దకొడుకు బిడ్డనే మేనల్లునికి ఇచ్చిన్రు. బావ అన్నది నిజంగనే బావ.

రిపోర్టులు

తీసిన పేగు రిపోర్టు పన్నెండో రోజు వచ్చింది. టీ3, అంటే కండర పొర దాటి కొవ్వులకు పోయింది. గ్రంథులు 26 దొరికినయి, స్టేజింగ్‌కు కనీసం 12 ఉండాలె. 26ల ఒక్కదాంట్ల గూడ క్యాన్సర్ లేదు. సీటీల ఎన్2 అన్నది పేథాలజీల ఎన్0, స్టేజ్ 3 అనుకున్నది 2ఏ అయింది. ఇది ఎంఎంఆర్ లేని గడ్డలల్ల తరచుగ చూస్తం, ఇమ్యూన్ సిస్టమ్ కొట్లాడుతుంటే గ్రంథులు ఉబ్బుతయి, సీటీ సైజు చూసి క్యాన్సర్ అంటది. నీష్-2 లాంటిది నిజంగ ఇచ్చి ఉంటే ఈ మనిషికి అవసరం ఉండెనా అని గూడ ఆలోచించిన, నాకు ఇప్పటికీ ఒక్క జవాబు లేదు.

ప్రొటీన్లల్ల ఎంఎస్ఎచ్2, ఎంఎస్ఎచ్6 రెండూ లేవు. ఎంఎస్ఎచ్2 లేకపోతే దాని జతగాడు ఎంఎస్ఎచ్6 నిలబడడు, అందుకే రెండూ పోతయి. ఇదే ఎంఎల్ఎచ్1 పోయి ఉంటే ముందు గడ్డల బీరాఫ్ జీన్ మార్పు, మిథైలేషన్ (జీన్ మూతపడి పని ఆపుడు) చూసేటోళ్ళం, ఎందుకంటే వయసు మీదపడ్డోళ్ళల్ల అది వంశంతోని సంబంధం లేకుండ గూడ పోతది. ఎంఎస్ఎచ్2 పోయిందంటే మాత్రం వేలు సక్కగ వంశం దిక్కే చూపిస్తది.

రక్తం జెనెటిక్ టెస్టుకు పంపినం, దీనికి పైసలు వాళ్ళే పెట్టుకున్నరు. నాలుగు వారాలకు రిపోర్టు: ఏ మార్పు లేదు. పేషెంట్ బామ్మర్ది ఫోన్ల “అయితే వంశంల లేదన్నట్టే కదా సార్” అని సంబురపడ్డడు. నేను గూడ ఒక గంట సంబురపడ్డ. తర్వాత పేథాలజిస్టుతోని మాట్లాడితే ఆయన అన్నడు, గడ్డ ఒకటి చెప్తున్నది, రక్తం ఒకటి చెప్తున్నది, రెండిట్ల ఏదో సగమే మాట్లాడుతున్నది అని. ఎంఎస్ఎచ్2 జీన్‌ల పెద్ద పెద్ద ముక్కలే ఎగిరిపోవుడు ఎక్కువ. మామూలు సీక్వెన్సింగ్ అక్షరం తప్పు పడితే పట్టుకుంటది, పేజీలే చినిగిపోతే కొన్నిసార్లు పట్టుకోదు, ఎందుకంటే ప్రతి జీన్‌కు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి కాపీ ఉంటది, రెండో కాపీల పేజీ ఉన్నది కదా, అదే చదివి అంతా బాగున్నదంటది. ల్యాబుకు ఫోన్ చేసి అడిగితే మేం పంపిన ప్యానెల్‌ల ఆ లెక్క లేదన్నరు. ఇట్ల పోయిన ముక్కలను లెక్కపెట్టే ఎంఎల్పీఏ అనే పద్ధతిల మళ్ళ చేపిస్తే ఎంఎస్ఎచ్2ల కొన్ని ఎక్సాన్లు (జీన్‌ల ముక్కలు) పోయినయి అని తేలింది. పక్కనే ఉండే ఎప్‌క్యామ్ జీన్ చివర పోయినా ఇదే కథ, అది గూడ చూడమని రాయాలె. నెగెటివ్ రిపోర్టు పట్టుకోని నేను ఆడనే ఆగి ఉంటే తర్వాతది ఏదీ జరగకపోతుండె.

కీమో ఇయ్యాల్నా వద్దా

బామ్మర్దికి ఇది అస్సలు మింగుడు పడలే. “క్యాన్సర్ అని చెప్పి కీమో వద్దంటరేంది సార్, మా పక్కింటాయనకు పన్నెండు ఇచ్చిన్రు” అని రెండుసార్లు వచ్చిండు. వేరే కాడ చూపించుకుంటే ఆరు నెలలు కెపెసిటబిన్ గోలీలు (ఒంట్లకు పోయినంక 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగ మారేయి) రాసిచ్చిన్రట గూడ. నేను కూసోబెట్టి చెప్పిన. స్టేజ్ 2ల కీమో లాభమే చిన్నది, దాంట్ల ఎంఎంఆర్ లేని గడ్డలకు 5-ఎఫ్‌యూ ఒక్కటే ఇస్తే లాభం కనపడలే, పైగ వీళ్ళ గడ్డ మళ్ళ వచ్చే అవకాశమే తక్కువ. గ్రంథులల్ల ఉంటే లెక్క వేరే, అప్పుడు ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కలిపి ఇచ్చేటోళ్ళం. పేషెంట్ మధ్యల అందుకోని “వద్దన్నప్పుడు వద్దే, గోలీలు నువ్వు మింగుతవా?” అని బామ్మర్దిని అన్నడు. ఆగినం. రెండేండ్లయింది, స్కానులు క్లీన్.

మిగిలిన పేగు

ఇంకోసారి పొట్ట కోసి మిగిలిన పేగు గూడ తియ్యాల్నా? నిజాయితీగ రెండు దారులు చెప్పిన. తీస్తే రిస్కు చాన తగ్గుతది, కానీ రోజుకు నాలుగైదుసార్లు దొడ్డికి పోవాల్సి రావొచ్చు. ఆయన అడిగిండు, “మేడారం దిక్కు లోడు తీసుకపోతుంటే అడివిల ఎన్నిసార్లు బండి ఆపాలె సార్?” నవ్వుకుంటనే అన్నడు గాని ఆయన బతుకుదెరువు అదే. ఏటా కొలనోస్కోపీకి వస్తనని మాటిచ్చిండు. రెండుసార్లు వచ్చిండు, నీళ్ళ మందు తాగుడు మీద ఉన్న తిట్లన్నీ నన్నే తిట్టిండు. ముందే తెలిసి ఒక్క ఆపరేషన్‌లనే ఎంచుకునే వీలుంటే ఏమనేటోడో, అది ఇప్పుడు అడిగి లాభం లేదు. హిమోగ్లోబిన్ 13 దాటినంక, హెచ్ పైలోరి (కడుపుల పుండ్లు చేసే బ్యాక్టీరియా) ఉన్నదేమొ చూసి, ఆస్పిరిన్ మొదలుపెట్టినం. క్యాప్-2 ట్రయల్‌ల రోజుకు 600 మిల్లీగ్రాములు రెండేండ్లు తీసుకున్న లించ్ వాళ్ళల్ల పెద్దపేగు క్యాన్సర్లు తగ్గినయి, తేడా కనపడ్డది మాత్రం కొన్నేండ్ల తర్వాత.

భార్య

ఈ కేసు నిజానికి ఈమెది. మామూలుగ లించ్ తేలితే పేషెంట్ పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకు టెస్టు చెప్తం, భార్య బయటి మనిషి కాబట్టి ఆమెను లెక్కల పెట్టం. మన ఊర్లల్ల ఆ లెక్క తప్పుతది. ఈమె తండ్రి 49కి అట్ల పోయిండంటే ఆయన గూడ అదే మార్పు మోసినట్టే అనిపిస్తున్నది, ఆయన మోస్తే బిడ్డకు సగానికి సగం అవకాశం. టెస్టు చేపిస్తే అదే ఎంఎస్ఎచ్2, అవే ఎక్సాన్లు. వయసు 31, ఏ బాధా లేదు. కొలనోస్కోపీల కుడి పక్క 8 మిల్లీమీటర్ల చదును పాలిప్, అక్కడికక్కడే తీసేసినం, అడినోమా, అంటే వదిలేస్తే క్యాన్సర్ అయ్యే రకం. పదేండ్ల తర్వాత ఆమె బావ లెక్కనే సెలైన్లు ఎక్కించుకుంట తిరుగుతుండెనేమొ.

తర్వాత ఆమె అడిగిన మాట, “పిల్లల ఆపరేషన్ ఎట్లగూ అయింది, గర్భసంచి గూడ ఇప్పుడే తీసేయున్రి సార్, మా ఊర్ల అందరికి తీసిన్రు.” ఇది విని నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. మా దిక్కు తెల్లబట్ట అవుతున్నదని, నడుంనొప్పని పాతికేండ్ల పిల్లలకు గర్భసంచి తీసేసిన కాయితాలు నా ఓపీల వారానికి కొన్ని కనపడ్తయి. నిజంగ తియ్యాల్సిన మనిషి దొరికితే ఆగమని చెప్పాల్సి వచ్చింది. ఎంఎస్ఎచ్2ల గర్భసంచి, అండాశయాల రిస్కు నిజమే, పిల్లలైనంక 40 దగ్గర రెండూ తీసుడు మంచిదే. 31కే అండాశయాలు తీస్తే ఎముకలు, గుండె ఇప్పటి సందే దెబ్బతింటయి. ఏటా స్కాను, లోపలి పొర నుంచి చిన్న ముక్క, నెలసరి ఏ మాత్రం తేడా ఉన్నా అదే రోజు రావాలె అని గైనిక్ మేడమ్‌తోని చెప్పిపిచ్చినం.

పిల్లలు

తల్లిదండ్రులిద్దరు మోస్తున్నరంటే ఒక్కో బిడ్డకు నాలుగుల ఒక వంతు రెండు కాపీలూ పాడయ్యే అవకాశం. అట్ల పుట్టిన పిల్లలకు చిన్నప్పుడే రక్త క్యాన్సర్లు, మెదడుల గడ్డలు వస్తయి, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలుంటయి, చాన మంది న్యూరోఫైబ్రొమటోసిస్ అనే ఇంకో రోగం అనుకోని వదిలేస్తరు. లించ్‌కు చిన్నపిల్లలకు టెస్టు చెయ్యొద్దు, వాళ్ళు పెద్దయినంక వాళ్ళే తేల్చుకోవాలె, ఇది రూలు. ఈడ చెయ్యకపోతే తప్పయితది. రెండు రోజులు ఆలోచించి, జెనెటిక్స్ డాక్టరుతోని మాట్లాడి, ల్యాబుకు ఒక్కటే ప్రశ్న రాసినం: రెండు కాపీలు పాడైనయా, లేదా? ఒక్క కాపీ సంగతి రిపోర్టుల రాయొద్దు అన్నం. పిల్లల ఒంటి మీద మచ్చలు లేకుండె, రిపోర్టు గూడ ఇద్దరికీ “లేదు” అనే వచ్చింది. ఆ రోజు ఆమె ఏం మాట్లాడలే, పిల్లల బడి బ్యాగులు సర్దుకుంట చాన సేపు బెంచి మీదనే కూసున్నది.

నేను మార్చుకున్నది చిన్నదే. ఓపీల ఇప్పుడు “క్యాన్సర్” అన్న మాటతోని మొదలుపెట్ట. యాభై దాటకుండ ఎవరు పోయిన్రు, ఏమై పోయిన్రు, ఎవరికి కరెంటు పెట్టిన్రు, ఎవరి గర్భసంచి ఎందుకు తీసిన్రు, మీది మేనరికమా, ఇట్ల అడుగుతున్న. బయాప్సీ మీదనే ఎంఎంఆర్. వంశం చెట్టు గీసేటప్పుడు మేనరికానికి మొగుడు పెండ్లాల మధ్యల జంట గీత గీస్తరు, మా ఓపీ ఫైళ్ళల్ల ఆ జంట గీతలు ఎన్నో ఇప్పుడు కనపడుతున్నయి. పాత కాయితాలు గూడ అడుగుతున్న, ఈయన తల్లి బయాప్సీ చీటీ బీరువాల బట్టల కింద ప్లాస్టిక్ కవర్ల దొరికింది, ఎండోమెట్రియల్ అడినోకార్సినోమా అని సక్కగ రాసున్నది.

పోయిన నెల అమ్మమ్మ మళ్ళ వచ్చింది. మనుమని చెల్లెను మనుమరాలి తమ్మునికి, అంటే ఇప్పుడు దుబాయ్‌ల ఉన్న ఆ బామ్మర్దికే, కుండమార్పిడి చెయ్యాల్నని ఆమెకు ఎప్పటి సందో ఉన్నదట. “చెయ్యొచ్చా కొడుకా, వద్దా?” అని అడిగింది. చెల్లె టెస్టు అయింది, ఆమెకు ఆ మార్పు లేదు, కాబట్టి ఈ రోగం రెండు దిక్కుల నుంచి పిల్లలకు వచ్చే భయం లేదు, మేనరికంతోని వచ్చే మిగతా రోగాల సంగతి వేరే, పిల్ల ఏమంటున్నదో అది గూడ అడుగున్రి అన్న. పిలగాని సంగతి అడిగితే నవ్వింది, కీమో గురించి నాతోని అంత కొట్లాడినోడు తన రక్తం ఇచ్చుడు కాడికి వచ్చేసరికి ఫోన్ ఎత్తుతలేడట. జాతరకు లీవు మీద వస్తడని, ఆమెనే చెయ్యి పట్టుకోని తీసుకొస్తనని చెప్పి పోయింది.